మలివయసులో నిలకడ: ఆశ్రమాల్లోని పెద్దలకు వ్యాయామం



కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మనవాళ్ళు ఒక సామెత చెబుతారు. నోటి సంగతి నిజమే. కాలి సంగతి మాత్రం పాతికేళ్ళవాడికి చెల్లినట్టు డెబ్భై అయిదేళ్ళ పెద్దామెకు చెల్లదు. బచ్చలింట్లో ఒక్కసారి కాలు జారి తుంటి ఎముక విరిగిందంటే, ఆ కాలు వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతివారికీ తెలుసు. ఆపరేషను, ఆ తరువాత మంచం, మంచం మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. అంతవరకూ తన పని తాను చేసుకున్న మనిషి ఆ ఒక్క పూటతో పరాధీనులవుతారు. అందుకే ఈనాటి ప్రసంగంలో పెద్దవాళ్ళు, ముఖ్యంగా వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవాళ్ళు, పడిపోకుండా కాళ్ళమీద నిలకడగా ఉండటానికి ఎటువంటి వ్యాయామం చెయ్యాలో ముచ్చటించుకుందాం.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారు సుమారు 10 కోట్ల 40 లక్షల మంది. ఆ సంఖ్య ఆ తరువాత ఇంకా పెరిగింది. ప్రపంచమంతటా ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల ప్రాణాలు కోల్పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. ప్రమాదవశాత్తు జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఆ చనిపోయేవారిలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు.

బెంగళూరు విషయానికి వస్తే, ఇక్కడ వృద్ధాశ్రమాలు కొత్త కాదు. హోసూరు రోడ్డులో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే క్రైస్తవ సన్యాసినులు నడిపే ఆశ్రమానికి వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఈమధ్య నగరం నలువైపులా చిన్నవీ పెద్దవీ, ఉచితంగా నడిచేవీ డబ్బు తీసుకునేవీ చాలా వచ్చాయి. వాటిలో మన సరిహద్దు ప్రాంతం పెద్దలు కూడా ఉన్నారు. బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు, పావగడ నుంచి వచ్చినవారు. అటునుంచి హిందూపురం, మదనపల్లె, కుప్పం నుంచి వచ్చినవారు. పిల్లల ఉద్యోగాలు నగరంలోనో, సముద్రాల అవతలో. ఊళ్ళో ఒంటరిగా ఉండలేరు, అపార్ట్‌మెంటులో పగలంతా తాళం వేసిన ఇంట్లో ఉండలేరు. చివరికి ఒక మంచం, ఒక బీరువా, కిటికీలోంచి కనబడే ఒక చెట్టు. ఇది తప్పా ఒప్పా అన్న చర్చ ఈ ప్రసంగంలో వద్దు. అక్కడికి చేరిన తరువాత వాళ్ళ కాళ్ళు ఏమవుతున్నాయన్నదే మనకు ఇప్పుడు ముఖ్యం.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ పెద్దామె ఏం చేసేది? తెల్లవారుజామున లేచి కళ్ళాపి చల్లేది. వంగి, గొంతుకూర్చుని ముగ్గు పెట్టేది. బిందె చంకన పెట్టుకుని నీళ్ళు తెచ్చేది. పశువులకు మేత వేసేది. గుడికి మెట్లెక్కేది. వాటిని ఆమె ఏనాడూ వ్యాయామం అనుకోలేదు. కాని బిందె చంకన పెట్టుకుని గట్టుమీద నడవడాన్ని మించిన నిలకడ సాధన మరొకటి లేదు. ఆశ్రమానికి వచ్చాక నీళ్ళు మంచం దగ్గరికే వస్తాయి. అన్నం బల్ల దగ్గరికే వస్తుంది. బట్టలు ఉతికి మడతపెట్టి ఇస్తారు. ఆమె లేవబోతే ఆయా పరుగున వచ్చి, "కూర్చోండమ్మా, పడతారు, మేమున్నాం కదా" అంటుంది. ఆ మాటలో ప్రేమే ఉంది, బాధ్యతే ఉంది. కాని ఆ మాటే రోజుకు పదిసార్లు, ఏడాదికి మూడు వందల అరవై అయిదు రోజులు వింటే ఆ కాళ్ళకు నిలబడటం మరచిపోతుంది. పడతారేమోనని కూర్చోబెడతాం, కూర్చుని కూర్చుని కండ కరిగిపోతుంది, కండ కరిగాక లేచిన మొదటిసారే పడతారు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి.

కండ అంత త్వరగా కరుగుతుందా అని మీరు అడగవచ్చు. 2007లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది పెద్దలను, సగటు వయసు అరవై ఏడు, పది రోజులపాటు మంచం దిగకుండా ఉంచి చూశారు. పది రోజుల్లోనే ఒక్కొక్కరి కాళ్ళలోంచి సుమారు ఒక కిలో కండ తగ్గిపోయింది. జబ్బు లేనివారికే పది రోజుల్లో కిలో తగ్గితే, జ్వరం వచ్చి నెల రోజులు మంచాన పడ్డ ఎనభై ఏళ్ళవారి సంగతి ఊహించుకోండి.

అసలు మనిషి నిలబడటమనేది ఎలా జరుగుతుంది? రెండు అరికాళ్ళ చోటు మీద ఇంత ఎత్తు శరీరం పడకుండా నిలుస్తోందంటే, లోపల మూడు చోట్లనుంచి మెదడుకు క్షణక్షణం కబురు అందుతూ ఉండాలి. మొదటిది కన్ను. గోడ నిలువుగా ఉందో, నేల ఎత్తుపల్లంగా ఉందో కన్ను చెబుతుంది. రెండవది లోపలి చెవి. చెవి అంటే వినడానికే అనుకుంటాం. కాని దాని లోపలి భాగంలో ద్రవంతో నిండిన మూడు వంపు గొట్టాలున్నాయి. తాపీమేస్త్రీ గోడ మీద పెట్టే రసమట్టం ఎలా పనిచేస్తుందో అవీ ఇంచుమించు అలాగే, తల ఎటు తిరిగినా, ఎటు వాలినా మెదడుకు తెలియజేస్తాయి. మూడవది అరికాళ్ళు, చీలమండలు, మోకాళ్ళలోని స్పర్శ. కళ్ళు మూసుకున్నా మన కాలు ఎక్కడుందో మనకు తెలుస్తుంది కదా, ఆ తెలివి అన్నమాట. ఈ మూడు కబుర్లనూ మెదడు కలుపుకుని, ఏ కండను ఎంత బిగించాలో ఆజ్ఞ ఇస్తుంది. ఆ ఆజ్ఞను పాటించడానికి పిక్కల్లో, తొడల్లో, తుంటిలో బలం ఉండాలి.

వయసుతోపాటు ఈ నాలుగూ తగ్గుతాయి. కంటికి శుక్లం వస్తుంది. లోపలి చెవి మందగిస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి అరికాళ్ళు మొద్దుబారతాయి. కండ పలచబడుతుంది. దీనికితోడు మందులు. నిద్రమాత్రలు, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు తూలు తెప్పిస్తాయి. పడుకున్నవారు గబుక్కున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. అర్ధరాత్రి మూత్రానికని హడావుడిగా లేచి, చీకట్లో, తడినేల మీద అడుగు వేసేటప్పటికి ఇవన్నీ ఒక్కసారే కలిసివస్తాయి. కాబట్టి పడిపోవడం కేవలం విధిరాత కాదు. కారణాలున్నాయి. కారణాలున్నప్పుడు కొంతవరకైనా ఉపాయమూ ఉంటుంది.

ఇంత వయసులో కండకు మళ్ళీ బలం వస్తుందా? ఈ ప్రశ్నకు 1990లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జవాబు దొరికింది. అక్కడి ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పదిమందిని తీసుకున్నారు. వాళ్ళ సగటు వయసు తొంభై. ఎనిమిది వారాలపాటు తొడ కండరాలకు బరువుతో కూడిన వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసిన తొమ్మిది మందిలో కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే రెండున్నర రెట్లు దాటిందన్నమాట. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టి నడవగలిగారు. ఆ తరువాత వ్యాయామం మాన్పించి నాలుగు వారాలకు చూస్తే ఆ బలంలో మూడో వంతు దాకా పోయింది. ఈ చిన్న పరీక్ష రెండు సంగతులు చెప్పింది: తొంభై ఏళ్ళకు కూడా బలం వస్తుంది, మానేస్తే నెలలోనే పోవడం మొదలవుతుంది.

బలం పెరిగితే సరే, పడటం తగ్గుతుందా? ఆస్ట్రేలియాలో పదహారు వృద్ధాశ్రమాల్లో 221 మందితో ఒక అధ్యయనం చేసి 2018లో ప్రకటించారు. సన్‌బీమ్ అని దానికి పేరు. బలానికి, నిలకడకు కలిపి క్రమంగా కష్టం పెంచుతూ ఆరు నెలలు వ్యాయామం చేయించి, ఆ పైన ఆరు నెలలు దాన్ని కాపాడుకునే సాధన చేయించారు. మామూలుగా ఉన్నవారితో పోలిస్తే వ్యాయామం చేసినవారు పడటం 55 శాతం తగ్గింది. అయితే అన్ని అధ్యయనాలూ ఇలాగే చెప్పలేదు. అదే 2018లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ అంతవరకూ ఆశ్రమాల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించి, వ్యాయామం వల్ల పడటం తగ్గుతుందని కచ్చితంగా చెప్పలేమన్నది. దీన్నిబట్టి ఏం అర్థం చేసుకోవాలి? ఏదో ఒక వ్యాయామం చేయిస్తే చాలదు. చేతులు నాలుగుసార్లు ఊపి చప్పట్లు కొట్టించడం మనసుకు ఉల్లాసమే గాని కాలికి బలం కాదు. కాలికి పని చెప్పాలి, నిలకడను పరీక్షించాలి, కష్టాన్ని కొద్దికొద్దిగా పెంచాలి, దగ్గర మనిషి ఉండాలి, మానకూడదు.

మన బెంగళూరులో కూడా ఈ దిశగా మంచి పని జరిగింది. ఇక్కడి స్వామి వివేకానంద యోగ అనుసంధాన సంస్థానం పరిశోధకులు ఒక వృద్ధాశ్రమంలోని 120 మందిలో 69 మందిని ఎంచి, మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు యోగాభ్యాసం, ఒక జట్టుకు ఆయుర్వేద ఔషధం, మూడవ జట్టు మామూలుగా. ఆరు నెలల తరువాత యోగం చేసినవారికి పక్కమీదికి చేరాక నిద్ర పట్టే వ్యవధి పది నిమిషాలు తగ్గింది, నిద్ర ఒక గంట పెరిగింది. ఇది 2005లో ప్రచురితమైంది. వారి నడక, నిలకడ కూడా మెరుగుపడ్డాయని 2007లో ప్రకటించారు. ఆ తరువాత నిమ్హాన్స్ వైద్యులు నగరంలోని తొమ్మిది వృద్ధాశ్రమాలనుంచి 120 మందితో మరొక అధ్యయనం చేసి 2013లో ప్రకటించారు. మొదటి నెల రోజూ శిక్షకుడు వచ్చి నేర్పాడు, మూడవ నెలదాకా వారానికొకసారి వచ్చాడు, ఆ పైన ఆరవ నెలదాకా వాళ్ళంతట వాళ్ళే చేసుకున్నారు. నిద్ర మెరుగుపడింది, జీవితంపట్ల తృప్తి పెరిగింది. నిద్రకూ నిలకడకూ సంబంధమేమిటంటారా? బాగా నిద్రపట్టినవారికి నిద్రమాత్ర అక్కర తగ్గుతుంది. నిద్రమాత్ర తగ్గితే అర్ధరాత్రి తూలు తగ్గుతుంది.

ఇక అసలు వ్యాయామాల సంగతి. మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి ఒకసారి సంప్రదించాలి. ఈమధ్య ఎముక విరిగినవారు, గుండెనొప్పి ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, తరచూ కళ్ళు తిరిగేవారు వైద్యుడి అనుమతి లేకుండా చెయ్యకూడదు. భోజనమైన వెంటనే వద్దు. నేల పొడిగా ఉండాలి. జారే చెప్పులు, పొడవాటి చీర కుచ్చెళ్ళు, కాలికి చుట్టుకునే పంచె ప్రమాదం. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి తీసుకుని, వెనక్కి జరగకుండా గోడకు ఆనించి పెట్టాలి. ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు. పక్కన ఒక మనిషి తప్పనిసరిగా నిలబడాలి. చేతులు కట్టుకుని కాదు, అవసరమైతే పట్టుకునేలా.

ముందుగా ఒక చిన్న పరీక్ష. కుర్చీనుంచి మూడు మీటర్ల దూరంలో, అంటే సుమారు పది అడుగుల దగ్గర, సుద్దముక్కతో గీత గియ్యండి. పెద్దవారిని కుర్చీలోంచి లేచి, మామూలుగా నడిచి, గీత దగ్గర వెనక్కి తిరిగి, వచ్చి కూర్చోమనండి. ఎన్ని సెకండ్లు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. పన్నెండు సెకండ్లు, అంతకు మించి పడితే జాగ్రత్త పడవలసిన మనిషి అని గుర్తు. మూడు నెలల తరువాత మళ్ళీ చూడండి. మా బడిలో పిల్లల ప్రగతి పత్రం ఎలాగో ఇదీ అలాగే.

మొదటి వ్యాయామం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. కుర్చీ అంచుకు జరగాలి. పాదాలు కాస్త వెనక్కి లాక్కోవాలి. ముక్కు మోకాళ్ళకంటే ముందుకు వచ్చేలా వంగి, లేవాలి. నిటారుగా నిలబడి రెండు అంకెలు లెక్కపెట్టి, దబ్బున కూలబడకుండా మెల్లగా కూర్చోవాలి. మొదట్లో రెండు చేతులతో కుర్చీ చేతులు పట్టుకోవచ్చు. కొన్ని వారాలకు ఒక చెయ్యి చాలు. ఆపైన చేతులు లేకుండా. అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచండి. ఒక్క వ్యాయామమే చేయగలమన్నవారికి నేను ఇదే చెబుతాను. ఎందుకంటే మరుగుదొడ్డికి తనంతట తాను వెళ్ళి రావడం ఈ బలం మీదే ఆధారపడి ఉంది.

రెండవది, మడమలెత్తడం. కుర్చీ వెనక నిలబడి, వీపుపట్టీ పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, మూడు లెక్కపెట్టి, మెల్లగా దిగాలి. పదిసార్లు. ఆ తరువాత మడమల మీద నిలబడి వేళ్ళు పైకెత్తాలి. ఇది చీలమండకు బలం. అడుగు తడబడినప్పుడు మొట్టమొదట ఆదుకునేది చీలమండే.

మూడవది, కాలు పక్కకు చాపడం. ఒక కాలి మీద బరువు ఉంచి, రెండో కాలిని నడుము వంచకుండా పక్కకు ఎత్తి దింపాలి. కాలికి పదేసిసార్లు. ఇది తుంటి పక్క కండకు. నడిచేటప్పుడు పక్కకు ఒరిగిపోకుండా కాచేది ఇదే.

నాలుగవది, కూర్చునే చేసేది. మోకాలు చాచి కాలు నేలకు సమంగా ఎత్తి, మూడు లెక్కపెట్టి దింపాలి. ఇది తేలికయ్యాక చీలమండకు అరకిలో ఇసుక మూట కట్టండి. ఖరీదైన పరికరం ఏదీ కొననక్కరలేదు.

అయిదవది, నిలబడే మెట్లు. ఇందులో నాలుగు మెట్లున్నాయి. పాదాలు రెండూ దగ్గరగా చేర్చి పది లెక్కపెట్టేదాకా నిలబడటం మొదటి మెట్టు. ఒక పాదం సగం ముందుకు జరిపి నిలబడటం రెండవది. ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకు తగిలేలా, తాడు మీద నిలబడ్డట్టు నిలబడటం మూడవది. ఒంటికాలి మీద నిలబడటం నాలుగవది. ఏ మెట్టు మీద పది అంకెలు హాయిగా నిలవగలరో, దాని పై మెట్టు మీద సాధన చెయ్యాలి. చెయ్యి మాత్రం కుర్చీకి దగ్గరగానే ఉండాలి. మొదట గుప్పిటతో పట్టు, తరువాత రెండు వేళ్ళు, ఆ తరువాత తాకీ తాకనట్టు. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడిన కాళ్ళే ఇవి. గుర్తు చేస్తే గుర్తుకు వస్తుంది.

ఆరవది, నడక. వరండాలో కమ్మీ పట్టుకుని పక్కకు పది అడుగులు, మళ్ళీ వెనక్కి పది అడుగులు. తరువాత ఒకరు పక్కన ఉండగా ఎనిమిది అంకె ఆకారంలో నడవడం. మలుపు తిరిగేటప్పుడే చాలామంది పడతారు కాబట్టి మలుపు నేర్పడం ముఖ్యం. రోజూ సాయంత్రం తిన్నగా నడుస్తున్నాం కదా, చాలదా అంటే చాలదు. నడక గుండెకు మంచిది. నిలకడకు మాత్రం పైన చెప్పిన సాధన విడిగా కావాలి.

ఇవన్నీ కలిపి అరగంట పని. వారానికి మూడు రోజులు తగ్గకుండా చెయ్యాలి. పెద్దలకు నిలకడ, బలం పెంచే సాధన వారంలో మూడు రోజులు లేక అంతకంటె ఎక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చేసిన సూచన కూడా ఇదే. కొంచెం ఆయాసం, కొంచెం కాళ్ళనొప్పి సహజం. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, కీలులో పోటు వస్తే వెంటనే ఆపి కూర్చోబెట్టాలి.

ఇక్కడ మన సరిహద్దువాళ్ళకు ప్రత్యేకమైన సంగతి ఒకటి చెప్పాలి. అది భాష. నేను బళ్ళో తెలుగూ కన్నడమూ రెండూ చెప్పేవాణ్ణి గనుక ఇది నా కంట పడుతుంది. ఆశ్రమంలో వ్యాయామం చేయించే అబ్బాయి కన్నడంలో "బలగాలు ఎత్తి" అంటాడు. కుడికాలు ఎత్తండి అని అతని భావం. మన తెలుగు పెద్దాయనకు బలగాలు అంటే సైన్యాలు! మన ఆయా పక్కనుండి "కుడి, కుడి" అంటే కన్నడ అజ్జి నీళ్ళు తాగమంటున్నారనుకుంటుంది, కన్నడంలో కుడి అంటే తాగు అని. నవ్వు వచ్చే మాటే గాని, ఒంటికాలి మీద నిలబడ్డ మనిషికి ఒక్క క్షణం అయోమయం చాలు తూలడానికి. పైగా మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలు చాలామంది తరువాత నేర్చిన భాష మరచి, తల్లి దగ్గర నేర్చిన భాషకే తిరిగి వెళ్ళిపోతారు. జీవితమంతా కన్నడంలో వ్యాపారం చేసిన మనిషి కూడా ఆఖరికి తెలుగులో పిలిస్తేనే పలకవచ్చు. ఇప్పుడు ఆశ్రమాల్లో దూర రాష్ట్రాలనుంచి వచ్చిన పనివాళ్ళు కూడా ఉన్నారు. అందుచేత తెలుగు పెద్దలున్నచోట ఒక అట్టముక్క మీద పది మాటలు పనివాళ్ళ లిపిలో రాసి గోడకు తగిలించండి: లేవండి, కూర్చోండి, పట్టుకోండి, కుడికాలు, ఎడమకాలు, ముందుకు, వెనక్కి, మెల్లగా, చాలు, బాగా చేశారు. నిదానం అన్న మాట, కాలు అన్న మాట రెండు భాషల్లోనూ ఇంచుమించు ఒకటే. అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. అంకెలు మాత్రం ఎవరి భాషలో వారిని గట్టిగా లెక్కపెట్టనివ్వండి. లెక్కపెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టరు, అది ఇంకొక లాభం.

వ్యాయామం అంటే మొహం చిట్లించేవారు కూడా ఆట అంటే లేస్తారు. మన ప్రాంతంలో కోలాటం, చెక్కభజన చూడని ఊరు లేదు. కోలాటంలో ఏముంది? పక్కకు అడుగు, వెనక్కి అడుగు, చుట్టు తిరగడం, ఎదుటివారి కోలను అందుకోవడం, వీటన్నిటికీ తాళం. నిలకడకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. కాళ్ళలో ఓపిక వచ్చినవారిని కోలలు పట్టించి, మెల్లని తాళం మీద నాలుగడుగులు వేయించవచ్చు. లేవలేనివారు కుర్చీల్లోనే కోలలు తట్టవచ్చు. ముందుకు వంగి ఎదుటివారి కోలను అందుకోవడమే వాళ్ళకు సాధన. అలాగే ముగ్గు తెలిసినవారిచేత బల్లమీద ముగ్గు పెట్టించండి, నిలబడి పెట్టమనండి. మొక్కలకు చిన్న చెంబుతో నీళ్ళు పోయనివ్వండి. ఆ చెంబు లాక్కోకండి.

ఆశ్రమం నడిపేవారికి రెండు మాటలు. వ్యాయామం ఒక్కటే అన్నీ చేయలేదు. బచ్చలింట్లోనూ, మరుగుదొడ్డి పక్కనా గోడకు గట్టి కమ్మీలు బిగించండి. మంచంనుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా చిన్న దీపం వెలగనివ్వండి. మంచం దిగే ముందు రెండు నిమిషాలు అంచున కూర్చోవడం అలవాటు చెయ్యండి. కళ్ళజోడు, శుక్లం ఏడాదికొకసారి చూపించండి. మందుల చీటీ వైద్యుడికి చూపి, తూలు తెప్పించేవి ఏవైనా తగ్గించవచ్చేమో అడగండి. ఆహారంలో రాగిముద్దతోపాటు పప్పు, పాలు, గుడ్డు తినేవారికి గుడ్డు ఉండాలి. కండ గాలితో పెరగదు. ఎండ తగలనివ్వండి. ఎవరైనా పడితే దాచకుండా, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా పడ్డారో పుస్తకంలో రాయండి. పది పడటాలు రాసి చూస్తే, అందులో ఆరు ఒకే మలుపు దగ్గర జరిగాయని మీకే తెలియవచ్చు.

ఆశ్రమం నడిపేవారి భయం నాకు తెలుసు. వ్యాయామం చేయిస్తుండగా పడితే కొడుకులు వచ్చి నిలదీస్తారు. కూర్చుని ఉండగా కండ కరిగిపోతే ఎవరూ నిలదీయరు. అందుకే ఇందులో పిల్లల బాధ్యత కూడా ఉంది. మీ అమ్మనో నాన్ననో ఆశ్రమంలో చేర్చేటప్పుడు గది ఎంత పెద్దది, టీవీ ఉందా అని అడుగుతారు. దానితోపాటు ఇక్కడ కాళ్ళకు వ్యాయామం ఎవరు చేయిస్తారు, వారంలో ఎన్ని రోజులు అని అడగండి. జాగ్రత్తలన్నీ తీసుకుని చేయించమని, అందులో ఉన్న కొద్దిపాటి అపాయం మాకు తెలుసునని మీ నోటితో చెప్పండి. చూడటానికి వెళ్ళినప్పుడు మంచం పక్కన కూర్చుని పళ్ళు ఒలిచిపెట్టి రావడమే కాకుండా, చెయ్యి అందించి లేపి, వరండాలో నాలుగు అడుగులు కలిసి నడవండి. పోషణ విషయంలో అన్యాయం జరుగుతున్న పెద్దలకు 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. సలహాకూ సహాయానికీ 14567 నంబరుకు ఫోను చేయవచ్చు. కాని చేయి పట్టి నడిపించమని ఏ చట్టమూ చెప్పలేదు. అది మనం చేయవలసిందే.

మంచాన పడినవారిని ఇక లెక్కలోంచి తీసేయకండి. పడుకుని చీలమండలు పైకీ కిందికీ ఆడించడం, మోకాళ్ళు మడిచి నడుము కాస్త ఎత్తడం, మంచం అంచున ఆసరా లేకుండా ఒక నిమిషం కూర్చోవడం కూడా నిలకడ సాధనే. కూర్చోగలిగినవారు నిలబడగలరేమో, నిలబడినవారు నాలుగు అడుగులు వేయగలరేమో, ఓపికగా చూడాలి. మన ఆశ ఎనభై ఏళ్ళవారిని పరుగు పందేనికి పంపడం కాదు. తన గదినుంచి కిటికీ దాకా, మంచంనుంచి మరుగుదొడ్డి దాకా ఎవరినీ పిలవకుండా వెళ్ళి రావడం. బయటివారికి అది పది అడుగులే. ఆ పెద్దవారికి అది మర్యాద.

పిల్లవాడు మొదటి అడుగు వేసినప్పుడు ఇల్లంతా చప్పట్లు కొడుతుంది. పడతాడని తెలిసి కూడా చెయ్యి వదిలి, రెండు అడుగుల దూరంలో చేతులు చాచి నిలబడతాం. ఆనాడు మనకు అలా చేతులు చాచి నిలబడినవాళ్ళే ఈనాడు ఆ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ళను లేవనిద్దాం. పక్కనే నిలబడదాం.